మనం ఎక్కించే ఫొటో, వాళ్లు చూపించే ఫొటో

కొన్నేళ్ల క్రితం ఏ పాపమూ ఎరుగని ఒక లెన్స్‌ను నేను అనుమానించి అమ్మేశాను. తూనీగ రెక్కను బాగా దగ్గరనుంచి తీసిన ఫొటో ఒకటి అందుకు కారణం. నా కంప్యూటర్ తెర మీద ఆ రెక్కలోని ఈనెలన్నీ సూదిమొనతో గీసినట్టు కనిపించాయి. అదే ఫొటోను అప్పట్లో నేను వాడుతున్న ఒక ఫొటో సైటులో పెట్టి చూస్తే, రెక్క మీద ఎవరో పల్చటి మైనపు కాగితం పరిచినట్టుంది. మొదట ఫోకస్ తప్పిందనుకున్నాను, తరువాత ట్రైపాడ్ కదిలిందనుకున్నాను, చివరికి నేరాన్ని లెన్స్ మీదకు నెట్టాను. ఆడలేక మద్దెల ఓడన్న సామెత కూడా ఇక్కడ సరిగా అతకదు, ఎందుకంటే ఆట బాగానే ఉంది, మద్దెలా బాగానే ఉంది, తేడా అంతా వేదికలో ఉంది. సైటు చూపిస్తున్న బొమ్మను దించుకుని అసలు ఫైలు పక్కన పెట్టి పోల్చాలన్న ఆలోచన, లెన్స్ చేతులు మారిన రెండు నెలలకు గానీ నాకు తట్టలేదు.

అప్పటినుంచి ఈ విషయాన్ని వదలకుండా పరీక్షిస్తూ వచ్చాను. ఫొటో సైట్లు పదును తగ్గించేస్తున్నాయన్న ఫిర్యాదులో నిజముంది, కానీ ఆ ఫిర్యాదు చేసేవారిలో చాలామంది తప్పుడు ముద్దాయిని బోనులో నిలబెడుతున్నారని నా అభిప్రాయం. అందరూ కంప్రెషన్‌నే, అంటే ఫైలు బరువు తగ్గించేందుకు దాన్ని నలపడాన్నే తిడతారు. నేను చూసినంతవరకు నష్టంలో పెద్ద వాటా కంప్రెషన్‌ది కాదు, కొలత మార్చడానిది, అంటే పిక్సెళ్ల సంఖ్యను తగ్గించడానిది. పదును అనేది ఫొటోకు పుట్టుకతో వచ్చి దానిని అంటిపెట్టుకుని ఉండే గుణం కాదు. ఫలానా కొలతలో, ఫలానా తెర మీద చూసినప్పుడు మాత్రమే దానికి అర్థం ఉంటుంది. అందుచేత చివరి కొలతను ఎవరు నిర్ణయిస్తారో పదునుకు వారే బాధ్యులు. ఆ నిర్ణయం సైటు చేతిలో ఉన్నప్పుడు, తాను ఏం చేస్తున్నదో చెప్పవలసిన బాధ్యత కూడా సైటుదే. ఈ వ్యాసంలో నేను వాదించదలచుకున్నది ఇంతే, కానీ ఈ వాదన నిలబడాలంటే ఫొటో లోపల జరిగే వ్యవహారాన్ని కొంత విప్పి చూడక తప్పదు.

కెమెరా నుంచే మొదలుపెట్టాలి. డిజిటల్ కెమెరా సెన్సర్‌లోని ఒక్కొక్క బిందువు మూడు రంగులనూ చూడదు. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన రంగుల జాలీయే ఇప్పటికీ అత్యధిక కెమెరాలలో ఉంది. ఆ జాలీలో సగం గళ్లు ఆకుపచ్చవి, పావు భాగం ఎరుపువి, పావు భాగం నీలివి. అంటే ప్రతి బిందువు దగ్గర ఒక రంగును మాత్రమే కొలిచి, మిగిలిన రెండింటినీ చుట్టుపక్కల గళ్లను బట్టి అంచనా వేస్తారు. దీనికి తోడు, సన్నని గీతల మీద లేని అలలు కనిపించకుండా ఉండేందుకు చాలా కెమెరాలలో సెన్సర్ ముందు కాంతిని కొద్దిగా చెదరగొట్టే ఒక వడపోత కూడా ఉంటుంది. కాబట్టి ఎంత ఖరీదైన లెన్స్ వాడినా, రా ఫైలు, అంటే కెమెరా ఏ మెరుగులూ దిద్దకుండా రాసుకునే ఫైలు, మొదటినుంచీ కొంత మెత్తగానే ఉంటుంది. తరువాత కెమెరాయో, సాఫ్ట్‌వేరో, మనమో దానికి పదును పెడతాం.

ఈ పదును పెట్టడం అనే పని పోయిన వివరాన్ని వెనక్కి తీసుకురాదు. అది అంచును వెతికి, అంచుకు చీకటి వైపున ఉన్నదాన్ని ఇంకొంచెం చీకటి చేసి, వెలుగు వైపున ఉన్నదాన్ని ఇంకొంచెం వెలుగు చేస్తుంది. అన్‌షార్ప్ మాస్క్ అని పిలిచే ఈ పద్ధతి ఫిల్మ్ రోజుల చీకటిగదుల నుంచి వచ్చింది. నెగెటివ్‌కు కావాలని ఒక మసక ప్రతి తయారుచేసి, దాన్ని అసలు నెగెటివ్‌తో జతచేసి ముద్రించేవారు, ఆ మసక ప్రతి వల్లనే దానికా వింత పేరు వచ్చింది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో మూడు మీటలుంటాయి: ఎంత గట్టిగా, అంచుకు ఎంత దూరం వరకు, ఏ స్థాయి తేడాను అంచుగా లెక్కించాలి అని. రెండో మీటను గుర్తుపెట్టుకోమని కోరుతున్నాను, ఎందుకంటే ఆ దూరాన్ని పిక్సెళ్లలో కొలుస్తారు, నా వాదనంతా అక్కడే తిరుగుతుంది.

6000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోకు ఒక పిక్సెల్ దూరంతో పదును పెట్టామనుకుందాం. తెర మీద పూర్తి కొలతలో చూస్తే అంచులు చక్కగా నిలబడతాయి. ఇప్పుడు ఆ ఫొటోను సైటు 1000 పిక్సెళ్ల వెడల్పుకు కుదించింది. మనం అంచు పక్కన జాగ్రత్తగా వేసిన ఆ సన్నని వెలుగు గీత ఇప్పుడు పిక్సెల్‌లో ఆరో వంతు. ఆరో వంతు పిక్సెల్ అనేది తెర మీద ఉండదు కాబట్టి, ఆ గీత పక్కవాటిలో కలిసిపోయి మాయమవుతుంది. అక్కడ ఎవరూ దేనినీ చెరిపివేయలేదు, మనం పెట్టిన పదును ఆ కొలతకు పనికిరానిదైంది, అంతే. రెండు మైళ్ల దూరం నుంచి చదవవలసిన బోర్డు మీద సన్నని కలంతో రాసి, అక్షరాలు అలుక్కుపోయాయని సిరాను తిట్టినట్టుంటుంది మన ఫిర్యాదు.

కుదింపులో ఎంత పోతుందో అంకెలలో చూస్తే గానీ నాకు తెలిసిరాలేదు. 6000 పిక్సెళ్ల వెడల్పు, 4000 పిక్సెళ్ల ఎత్తు ఉన్న ఫొటోలో 2 కోట్ల 40 లక్షల పిక్సెళ్లుంటాయి. దాన్ని 2048 వెడల్పుకు తెస్తే దాదాపు 28 లక్షలు మిగులుతాయి, అంటే కాస్త అటూఇటూగా తొమ్మిదింటిలో ఒకటి. 1080 వెడల్పుకు తెస్తే 7 లక్షల 78 వేలు, అంటే 31లో ఒకటి. ఇంత పెద్ద కోతను ఎవరు ఎలా చేశారన్నది చిన్న విషయం కాదు. దగ్గరలో ఉన్న ఒక్క పిక్సెల్‌ను ఏరుకుని మిగిలినవాటిని పారేసే మొరటు పద్ధతి ఉంది. అది కరకుగా ఉంటుంది, గీతలు మెట్లుమెట్లుగా విరుగుతాయి. పక్కపక్కవాటి సగటు తీసే బైలీనియర్ పద్ధతి నున్నగా ఉంటుంది, మరీ నున్నగా ఉంటుంది. బైక్యూబిక్, హంగరీకి చెందిన గణితవేత్త కార్నేలియస్ లాంజోష్ పేరు మీద ఉన్న లాంజోష్ పద్ధతి, ఇవి మరికొన్ని పిక్సెళ్లను లెక్కలోకి తీసుకుని అంచు దగ్గర కొద్దిపాటి బిగువును కాపాడతాయి. ఒకే ఫొటోను ఈ నాలుగు పద్ధతులలో కుదించి పక్కపక్కన పెడితే, వీటిని ఒకే లెన్స్‌తో తీశారని కొత్తవాళ్లు నమ్మరు.

ఇక్కడ ఇంకొక చిక్కుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు, నేనూ చాలాకాలం పట్టించుకోలేదు. ఫైలులో ఉండే 0 నుంచి 255 వరకు అంకెలు కాంతి పరిమాణానికి నేరుగా సమానం కావు, మన కంటి స్వభావానికి తగినట్టు వంచి రాసిన అంకెలవి. తెల్ల పిక్సెల్ ఒకటి, నల్ల పిక్సెల్ ఒకటి కలిపి ఒకటే చేయాలంటే, అంకెల సగటు తీసే సాఫ్ట్‌వేర్ 128 అని రాస్తుంది. నిజంగా సగం కాంతి రావాలంటే, తెరలకూ వెబ్‌కూ మామూలుగా వాడే రంగుల ప్రమాణమైన ఎస్‌ఆర్‌జీబీ లెక్కలో అది 188 దగ్గర ఉండాలి. ఈ తేడా మూలంగా చీకటి నేపథ్యం మీద ఉన్న సన్నని వెలుగు గీతలు, అంటే సాలెగూడు పోగులు, ఎదురెండలో మెరిసే వెంట్రుకలు, రాత్రి ఆకాశంలోని చుక్కలు, కుదించాక ఉండవలసినదానికన్నా మసకబారుతాయి. చూసేవాడు దాన్ని వెలుగు తగ్గడంగా గుర్తించడు, పదును తగ్గిందంటాడు. నా తూనీగ రెక్కకు వెనుక ముదురు ఆకుపచ్చ చీకటి ఉంది, ఈనెల మీద వెలుగు పడుతోంది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ లెన్స్‌కు నేను క్షమాపణ చెప్పుకోవాలి.

ఇక అందరూ తిట్టే కంప్రెషన్ సంగతి. ఫొటోల ఫైళ్లకు మామూలుగా వాడే జేపెగ్ ప్రమాణం 1992 నాటిది. దాని గుండెలో ఉన్న గణితం, నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు 1974లో ప్రచురించిన డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. ఫొటోను ఎనిమిది అడ్డం, ఎనిమిది నిలువు పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి, ఒక్కొక్క గడిలోని వెలుగునీడలను నెమ్మదిగా మారే అలలుగా, వేగంగా మారే అలలుగా విడదీసి రాస్తారు. నెమ్మది అలలంటే విశాలమైన ఛాయలు, వేగపు అలలంటే గడ్డిపోచలు, జుట్టు, నేత, ఈకలు. తరువాత ఒక్కొక్క అల బలాన్ని ముతకగా సవరిస్తారు. వేగపు అలలను మరీ ముతకగా సవరిస్తారు, వాటిలో చాలా వరకు సున్నాలైపోతాయి. సున్నాలను దాచడానికి చోటు దాదాపు అక్కరలేదు కాబట్టి ఫైలు చిక్కిపోతుంది. వివరం పోయేది ఆ సవరణ దగ్గరే, మిగిలిన మెట్లలో పోయేది బహు తక్కువ.

జేపెగ్ రంగుతో ఆడే ఆట మాత్రం నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది. మన కన్ను వెలుగులోని తేడాలను పట్టినంత చురుకుగా రంగులోని తేడాలను పట్టదు. ఆ లోపాన్ని ఆసరా చేసుకుని, చాలా సైట్లు తయారుచేసే ఫైళ్లలో వెలుగును ప్రతి పిక్సెల్‌కూ రాసి, రంగును మాత్రం నాలుగు పిక్సెళ్లకు ఒకసారి రాస్తారు. సాధారణ దృశ్యాలలో ఇది ఎవరికీ తెలియదు. కానీ ఎర్రటి పువ్వును తీసి చూడండి. జేపెగ్ లెక్కలో వెలుగు విలువకు ఆకుపచ్చ వాటా దాదాపు 59 శాతం, ఎరుపుది 30, నీలానిది 11. ఎర్ర రేకులోని మడతలూ నరాలూ ఎక్కువగా ఎరుపు విలువలోనే ఉంటాయి, వాటిలో చాలా భాగం వెలుగు పద్దులో కాక రంగు పద్దులోకి వెళ్తుంది, ఆ పద్దును నాలుగోవంతుకు కోసేశారు. అందుకే పక్కనున్న ఆకు స్పష్టంగా ఉండి, పువ్వు మాత్రం ఎర్ర మైనపు ముద్దలా కనిపిస్తుంది. ఎరుపు, నీలం పూలు తీసేవారు తమ ఫోకస్‌ను తప్పుపట్టుకునే ముందు ఈ లెక్కను ఒకసారి గుర్తుచేసుకోవడం మంచిది.

ఇంత చెప్పి కూడా కంప్రెషన్‌ను ప్రధాన ముద్దాయి కాదంటున్నానంటే కారణముంది. మీరే ఒక పని చేసి చూడవచ్చు. ఫొటోను మంచి సాఫ్ట్‌వేర్‌లో మీరే 2048 వెడల్పుకు కుదించి, కుదించిన తరువాత ఆ కొలతకు తగినంత పదును పెట్టి, జేపెగ్ నాణ్యత 90 దగ్గర ఒక ప్రతి, 75 దగ్గర ఒక ప్రతి భద్రపరచండి. రెండింటినీ మామూలు దూరం నుంచి చూడండి. తేడా ఉంటుంది, నీలాకాశంలోనూ, గడ్డిలోనూ వెతికితే దొరుకుతుంది. ఇప్పుడు కుదించాక పదును పెట్టని మూడో ప్రతిని, నాణ్యత 100 దగ్గర, వాటి పక్కన పెట్టండి. నేను ఎంతమందికి చూపించానో లెక్కలేదు గానీ, చూసినవారు దాదాపు అందరూ మెత్తగా ఉన్నది మూడోదేనని ఆ క్షణంలోనే వేలు పెట్టి చూపించారు. అతి తక్కువ కంప్రెషన్ జరిగిన ప్రతి అది. ఫైలు బరువు చూసి పదునును అంచనా వేసే అలవాటు నాకు ఆ రోజుతో పోయింది.

పనిలో పని, ఆ నాణ్యత అంకె శాతం కాదు. 90 అంటే అసలు ఫొటోలో 90 శాతం మిగిలిందని ఎక్కడా లేదు. అది ముతకతనాన్ని నిర్ణయించే పట్టికను ఎంచుకునే ఒక మీట మాత్రమే, ఒక సాఫ్ట్‌వేర్‌లోని 90కీ మరొకదానిలోని 90కీ పొంతన ఉండనక్కరలేదు. ఫొటోషాప్‌లో ఒకచోట ఆ మీట 0 నుంచి 12 వరకు మాత్రమే ఉంటుంది.

కంప్రెషన్ నిజంగా ప్రాణం తీసేది, అది పదేపదే జరిగినప్పుడు. అదే గళ్లమీద అదే నాణ్యతతో మళ్లీ భద్రపరిస్తే నష్టం త్వరగానే ఆగిపోతుంది. ప్రతిసారీ అంచు కొద్దిగా కత్తిరించినా, కొలత కొద్దిగా మార్చినా, ఎనిమిది పిక్సెళ్ల గళ్లు కొత్త చోట పడి, పాత గళ్ల సరిహద్దులను కూడా వివరాలనుకుని కొత్తగా నలుపుతాయి. ఒక చోటినుంచి స్క్రీన్‌షాట్ తీసి, మరో చోట పెట్టి, అక్కడినుంచి ఇంకొకరు దించుకుని పంపితే, నాలుగు చేతులు మారేసరికి ముఖాల చుట్టూ ఈగలు ముసిరినట్టు చుక్కలు చేరడానికి కారణం ఇదే. ఫొటో సైటులో పెట్టిన ఒక్కసారికి ఈ నష్టం స్వల్పమే.

మూడో చోటు ఇంకొకటుంది, అది సైటు సర్వర్‌లోనూ లేదు, మన ఫైలులోనూ లేదు. చూసేవారి తెరలో ఉంది. 2010లో ఐఫోన్ 4తో పాటు రెటినా తెర వచ్చాక, పేజీ రాసేవాడు ఒక పిక్సెల్ అని రాసినచోట తెర మీద అడ్డంగా రెండు, నిలువుగా రెండు పిక్సెళ్లు వెలగడం మామూలైంది. ఇప్పుడు చాలా ఫోన్లలో అది మూడేసి. పేజీలో 1024 వెడల్పు చోటుకు సైటు 1024 పిక్సెళ్ల ప్రతినే పంపితే, అలాంటి తెర మీద బ్రౌజర్ దాన్ని 2048కి సాగదీసి చూపిస్తుంది. సాగదీసినది మెత్తబడక మానదు. తెర సాంద్రతను బట్టి తగిన ప్రతిని ఎంచుకునే ఏర్పాటు వెబ్‌లో ఎప్పటినుంచో ఉంది, వాడుకోవడం సైటు చేతిలో పని. కొన్ని సైట్లలో దీనికి తిరగబడిన సమస్య: కిటికీ వెడల్పును బట్టి ఫొటో చోటు సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది, సైటు దగ్గర 1024 ప్రతి ఉంటే పేజీలో దొరికిన చోటు 937. బ్రౌజర్ అప్పటికప్పుడు మళ్లీ కుదిస్తుంది. ఆ ప్రతికి తగినట్టు పెట్టిన పదును మళ్లీ చెదిరిపోతుంది. విండోస్‌లో తెర మీది అక్షరాలను 125 శాతానికో 150 శాతానికో పెంచుకున్నవారికి కూడా ఇదే జరుగుతుంది. ఒకసారి ఒక సాయంత్రమంతా ఒక సైటును మనసారా తిట్టుకుని, పడుకోబోయే ముందు చూసుకుంటే నా బ్రౌజర్ జూమ్ 110 దగ్గర ఉంది. ఆ సైటుకు ఉత్తరం రాసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు కెమెరాకు కొంత, మనకు కొంత, బ్రౌజర్‌కు కొంత పంచాక సైట్ల వాటా ఎంత? వాటి ఇబ్బందిని నేను కాదనను. పది మెగాబైట్ల అసలు ఫైలును ప్రతి ఫోనుకూ పంపడం తెలివితక్కువ పని, చూసేవాడి డేటా ఖర్చవుతుంది, పేజీ తెరుచుకోదు, తెర అన్ని పిక్సెళ్లను చూపించనూ లేదు. కుదించి తీరాలి. 2004లో మొదలైన ఫ్లికర్ ఒకే ఫొటోకు చిన్నవీ పెద్దవీ అనేక కొలతల ప్రతులు తయారుచేసి, అసలు ఫైలును కూడా విడిగా ఉంచుతుంది. ఇన్‌స్టాగ్రామ్ 2015లో తన వెడల్పును 640 నుంచి 1080కి పెంచింది. ఫేస్‌బుక్ తన సహాయ పుటలలో 720, 960, 2048 వెడల్పులను సూచించింది. ఇలా కొలత చెప్పడం సగం న్యాయం, నేను దాన్ని మెచ్చుకుంటాను, ఎందుకంటే అది తెలిస్తే ఆ కొలతకు మనమే కుదించి, మనమే పదును పెట్టి, కత్తెర మన చేతిలోనే ఉంచుకోవచ్చు.

రెండో సగం మాత్రం చీకట్లోనే ఉంది. ఏ పద్ధతిలో కుదిస్తారు, కుదించాక పదును పెడతారా, పెడితే ఎంత, ఏ ముతకతనంతో భద్రపరుస్తారు అన్నవి చెప్పే సైటు అరుదు. కొన్ని సైట్లు తమంతట తామే పదును పెడతాయి. మెత్తటి ఫైలు ఎక్కించినవారికి అది వరం. ముందే జాగ్రత్తగా పదును పెట్టుకున్నవారికి కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది: కొమ్మల చుట్టూ తెల్లని అంచులు తేలతాయి, చర్మం ఇసుక చల్లినట్టవుతుంది. అందుకే ఒకే సైటు గురించి ఒకరు మరీ మెత్తగా చేస్తుందని, మరొకరు మరీ కరకుగా చేస్తుందని ఫిర్యాదు చేస్తారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. పొగమంచులోని తీరానికీ, ఇనుప కంచెకూ, పసిపిల్ల బుగ్గకూ ఒకే మోతాదు పదును సరిపోదని ఫొటోలు తీసే ఎవరికైనా తెలుసు. కోట్ల ఫొటోలకు ఒకే మోతాదు వేసే యంత్రానికి అది తెలిసే మార్గం లేదు. కనీసం ఆ మోతాదు వద్దని చెప్పే వీలు మనకు ఇవ్వవచ్చు కదా?

పేర్ల దగ్గర జరిగే వ్యవహారం నాకు ఇంకా పెద్ద తప్పుగా కనిపిస్తుంది. గూగుల్ ఫోటోస్ 2015లో వచ్చినప్పుడు, 16 మెగాపిక్సెళ్ల లోపుకు కుదించి భద్రపరిచే ఉచిత పద్ధతికి "హై క్వాలిటీ" అని పేరు పెట్టారు. 2021లో ఆ అపరిమిత ఉచిత నిల్వ ముగిసింది, అదే సంవత్సరం ఆ పద్ధతి పేరు "స్టోరేజ్ సేవర్"గా మారింది. పని అదే, పేరు మాత్రం నిజానికి దగ్గరగా వచ్చింది. ఆరేళ్లపాటు ఆ మొదటి పేరును చదివినవారు తమ ఫొటోకు ఏమీ కాలేదని అనుకోవడానికే ఎక్కువ అవకాశముంది. 2023లో వాట్సాప్ ఫొటోలకు హెచ్‌డీ మీట వచ్చింది. మంచిదే, మామూలుగా పంపేదానికన్నా చాలా మెరుగు. అయినా అది కూడా కుదించిన ప్రతే, అసలు ఫైలు చెక్కుచెదరకుండా వెళ్లాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి. ఏది అసలు, ఏది నకలు అన్నది మాటలో స్పష్టంగా ఉంటే సాంకేతిక వివరాలు తెలియనివారు కూడా మోసపోరు.

చూసేవారిలో నూటికి తొంభైమంది ఈ తేడాను గమనించరు కదా, ఇంత రాద్ధాంతం ఎందుకని నన్ను అడిగినవారున్నారు. గమనించరన్నది నిజమే, కానీ వారు గమనించనిది కారణాన్ని మాత్రమే. ఫలితం వారిని తాకుతూనే ఉంటుంది, ఒక ఫొటో దగ్గర ఆగి మరొకదాన్ని దాటిపోతారు. అంతకన్నా పెద్ద నష్టం ఫొటోలు తీసేవారికి. కొత్తగా నేర్చుకునేవారు తమ ఫొటోను సైటులో చూసి, పక్కవారి ఫొటోతో పోల్చుకుని, తమకు ఫోకస్ రాదనుకుంటారు, కొత్త లెన్స్ కొంటారు, నాలాగా పాతది అమ్ముకుంటారు. మరికొందరు సైటు ఎలాగూ తగ్గిస్తుందని ముందే రెట్టింపు పదును పెట్టి పంపుతారు. ఆ అతి పదును అంచుల దగ్గర వేగపు అలలను పెంచుతుంది, జేపెగ్‌కు మోయలేని బరువు అదే, దాంతో అంచుల చుట్టూ చిందరవందర చుక్కలు లేస్తాయి. రోగం ఏమిటో చెప్పనందువల్ల ప్రతి ఒక్కరూ తోచిన మందు వేసుకుంటున్నారు.

దీనికి ఎదురుగా ఒక బలమైన వాదన ఉంది, దాని ముందు నా అభిప్రాయాన్ని నేను కొంత మార్చుకున్నాను కూడా. సైటు కొలతకు కుదించి ఎక్కించడం నేటికి సరే, రేపటి తెరల మాటేమిటి? ఒకప్పుడు 800 పిక్సెళ్ల వెడల్పుకు ఎంతో శ్రద్ధగా కుదించి, ఒక్కొక్కదానికి పదును పెట్టి నేను ఎక్కించిన ఫొటోలు ఇప్పుడు 3840 పిక్సెళ్ల వెడల్పున్న తెర మీద తపాలా బిళ్లల్లా కనిపిస్తున్నాయి, పెద్దవి చేస్తే మసకబారుతున్నాయి. అప్పట్లో పెద్ద ఫైలు ఎక్కించి ఉంటే సైటు కొత్త కొలతలు ప్రవేశపెట్టినప్పుడల్లా దాన్నుంచి కొత్త ప్రతులు తయారై ఉండేవి. కాబట్టి ఇప్పుడు నేను సైటును బట్టి నడుచుకుంటున్నాను. అసలు ఫైలును దాచి ఉంచే సైటుకు పెద్ద ఫైలే పంపుతాను, దానికి పదును మాత్రం కొంచెం తక్కువగా, పెద్ద కొలతకు కావలసినంతే పెడతాను. చిన్న ప్రతులలో కొంత మెత్తదనాన్ని భరిస్తాను. కుదించి, అసలును పారేసే సైటుకు మాత్రం దాని కొలతకు పిక్సెల్ తేడా లేకుండా నేనే కుదించి, ఆ కొలతలోనే చూస్తూ పదును పెట్టి, రంగులను ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చి, నాణ్యతను కాస్త పైననే ఉంచి పంపుతాను. ఎస్‌ఆర్‌జీబీ ఎందుకంటే, అంతకన్నా విశాలమైన రంగుల పరిధిలో ఉన్న ఫైలు నుంచి రంగుల వివరణను సైటు తీసివేస్తే ఫొటో వెలిసిపోతుంది, వెలిసిన ఫొటోలో అంచుల బిగువు కూడా తగ్గినట్టే అనిపిస్తుంది. నాణ్యత పైన ఉంచడం ఎందుకంటే వాళ్లు ఎలాగూ రెండోసారి నలుపుతారు, మొదటి నలుగుడు గుర్తులు వీలైనంత తక్కువగా ఉండాలి. ఆకాశంలోని గరుకును ముందే కొంత తుడిచేస్తాను. ఆ గరుకును దాచడానికి ఖర్చయ్యే బైట్లు ఈనెలకు దక్కాలి.

ఈ మధ్య కృత్రిమ మేధతో పోయిన పదును తిరిగి తెస్తామనే సాఫ్ట్‌వేర్లు చాలా వచ్చాయి. కుదించిన ప్రతి నుంచి పెద్ద ప్రతిని తయారుచేస్తాయి, ఫలితం చూడటానికి బాగానే ఉంటుంది. కానీ అది నా తూనీగ రెక్క కాదు, ఎన్నో రెక్కల్ని చూసిన యంత్రం ఊహించి గీసిన రెక్క. తూనీగలను గుర్తుపట్టడానికి ఈనెల అమరిక కూడా ఒక ఆధారమన్న సంగతి తెలిసినవారికి ఆ ఊహ ఎందుకు పనికిరాదో వేరే చెప్పనక్కరలేదు.

ఆ పాత ఫొటోను పోయిన సంవత్సరం మళ్లీ తెరిచాను. రా ఫైలునుంచి మొదలుపెట్టి, కాంతి లెక్క తప్పకుండా కుదించే సాఫ్ట్‌వేర్‌తో 2048కి తెచ్చి, ఆ కొలతలో అర పిక్సెల్ దూరానికి పదును పెట్టి, అదే సైటులో పాతదాని పక్కన ఎక్కించాను. కంప్రెషన్ రెండింటికీ ఒకే యంత్రం చేసింది. కొత్తదానిలో రెక్క మొదలు దగ్గరి ఈనెలు గీతలుగా నిలబడ్డాయి, మధ్యలోని గళ్లు విడివిడిగా కనిపించాయి. రెక్క కొస దగ్గర మాత్రం ఎంత ప్రయత్నించినా అతి చిన్న గళ్లు బూడిదరంగు పొరగా కలిసిపోయాయి, ఎందుకంటే అక్కడ ఒక్కొక్క గడికీ రెండు పిక్సెళ్ల చోటు కూడా మిగలదు. ఆ కొసను మాత్రమే అసలు కొలతలో కత్తిరించి, మూడో ఫొటోగా వాటి పక్కనే పెట్టాను.